అపాచీ వెబ్ సర్వర్ 2.4: ఇన్‌స్టాల్ చేయడానికి ఎంత కావాలి, నడపడానికి ఎంత కావాలి

వెబ్ పేజీలను బ్రౌజర్లకు పంపే అపాచీ హెచ్‌టీటీపీ సర్వర్ 2.4ను ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కంప్యూటర్‌లో ఏమేమి ఉండాలో చెప్పే జాబితా ఒకటి దాని అధికారిక పత్రాల్లో ఉంది. తాత్కాలికంగా కనీసం 50 ఎంబీ ఖాళీ డిస్క్ స్థలం కావాలని, ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక సర్వర్ ఆక్రమించేది దాదాపు 10 ఎంబీయేనని అందులో రాశారు. సీ భాషలో రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్, ఏపీఆర్, ఏపీఆర్-యుటిల్, పీసీఆర్‌ఈ అనే లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్), సరైన సమయం చూపే గడియారం ఉండాలన్నారు. కొన్ని సహాయక స్క్రిప్టులకు పెర్ల్ 5 కావాలి గానీ, అది లేకపోయినా సర్వర్ నడుస్తుంది. జాబితా అంతటితో ముగుస్తుంది. ర్యామ్ ఎంత ఉండాలో, ప్రాసెసర్ ఏ స్థాయిదై ఉండాలో అందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఈ సమీక్ష ఆ జాబితాను దగ్గర పెట్టుకుని రాసినది. అందులో చెప్పినవి ఎంతవరకు సరిపోతాయి, చెప్పకుండా వదిలినవాటిలో ఏవి మన సర్వర్‌ను నిలబెడతాయి, ఏవి పడగొడతాయి అన్నదే నా ప్రశ్న. కళాశాల వెబ్‌సైట్ కోసమో, పత్రిక కోసమో, చిన్న వ్యాపారం కోసమో 1 జీబీ లేదా 2 జీబీ ర్యామ్ ఉన్న వర్చువల్ సర్వర్‌ను అద్దెకు తీసుకుని, దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఉద్యోగిని పెట్టుకోలేని సంస్థలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటి బాధ్యత చూసేవారిని దృష్టిలో పెట్టుకునే ఈ మాటలన్నీ రాస్తున్నాను.

ముందుగా వెర్షన్ సంగతి. అపాచీ మొదటి విడుదల 1995 నాటిది, దాన్ని నిర్వహించే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 1999లో ఏర్పడింది, 2.4 శాఖ 2012 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు ముందరి 2.2 శాఖకు 2017 తర్వాత విడుదలలు లేవు. అయినా ఆ కాలపు పాఠాలు ఇంటర్నెట్‌లో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఒక పాఠంలో మాక్స్‌క్లయింట్స్ అనే సెట్టింగ్ గానీ, ఆర్డర్, అలౌ, డినై అనే మూడు మాటలతో రాసిన అనుమతుల నియమాలు గానీ కనిపిస్తే అది 2.2 కోసం రాసినదని గుర్తించి పక్కన పెట్టడం మేలు. 2.4లో వాటి స్థానంలో మాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్, రిక్వైర్ అనేవి వచ్చాయి.

అధికారిక జాబితా ప్రధానంగా సోర్స్ కోడ్ నుంచి స్వయంగా కంపైల్ చేసుకునేవారి కోసం రాసినది. ఆ దారిలో వెళితే మొదటి ఆటంకం ఎక్కడ వస్తుందో ముందే చెప్పవచ్చు. కోడ్‌ను విప్పి కాన్ఫిగర్ స్క్రిప్టును నడిపితే, కొన్ని వరుసలు పరుగెత్తి, ఏపీఆర్ దొరకలేదని, పత్రాలు చదవమని చెప్పి ఆగిపోతుంది. ఏపీఆర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య ఉన్న తేడాలను కప్పిపుచ్చి, అపాచీకి అన్నిచోట్లా ఒకే రకమైన పునాది ఇచ్చే లైబ్రరీ. అది సిస్టమ్‌లో అప్పటికే ఉన్నా ఈ సందేశం రావచ్చు, ఎందుకంటే కంపైల్ చేయడానికి లైబ్రరీ ఒక్కటే చాలదు, దాని హెడర్ ఫైళ్లు ఉన్న డెవలప్‌మెంట్ ప్యాకేజీ కూడా కావాలి. దాన్ని తెచ్చిపెడితే పీసీఆర్‌ఈ దగ్గర, దాన్ని కూడా తెస్తే ఏపీఆర్-యుటిల్ కోరే ఎక్స్‌పాట్ అనే ఎక్స్ఎంఎల్ లైబ్రరీ దగ్గర మళ్లీ ఆగవచ్చు. ఎక్స్‌పాట్ పేరు పై జాబితాలో లేదు. సందేశాలు స్పష్టంగానే ఉంటాయి గానీ ఒక్కొక్కటిగా వస్తాయి. కావలసిన డెవలప్‌మెంట్ ప్యాకేజీల పేర్లన్నీ లినక్స్‌లోని డెబియన్ కుటుంబానికి ఒక వరుసలో, రెడ్ హ్యాట్ కుటుంబానికి ఒక వరుసలో ఆ పేజీలోనే ఇచ్చి ఉంటే కొత్తవారి శ్రమ సగం తగ్గేది.

నిజానికి మనలో చాలామందికి కంపైల్ చేయవలసిన అవసరమే లేదు. ఉబుంటు, డెబియన్‌లలో అపాచీ2 పేరుతోను, రెడ్ హ్యాట్ కుటుంబంలో హెచ్‌టీటీపీడీ పేరుతోను సిద్ధమైన ప్యాకేజీ ఉంది. దాన్ని తీసుకుంటే కావలసిన లైబ్రరీలు వాటంతట అవే వస్తాయి. అంతకంటే ముఖ్యమైన లాభం భద్రతా సవరణలు. ఈ పంపిణీల నిర్వాహకులు వెర్షన్ సంఖ్యను మార్చకుండానే సవరణలను పాత వెర్షన్‌లోకి చేర్చి ఇస్తారు. అందువల్ల సంఖ్యను మాత్రమే చూసి ఇది పాతది, ప్రమాదకరమైనది అని హెచ్చరించే స్కానర్ నివేదికలు వచ్చినప్పుడు కంగారుపడకుండా ప్యాకేజీ మార్పుల చిట్టాను చూసుకోవాలి. స్వయంగా కంపైల్ చేసుకున్నవారికి ఈ అండ ఉండదు. ప్రతి భద్రతా విడుదలకూ వారే మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ప్యాకేజీలో లేని మాడ్యూల్ (అదనపు భాగం) ఏదో తప్పనిసరైతే తప్ప ఆ భారాన్ని ఎత్తుకోవద్దని నా సలహా.

జాబితాలో నాకు బాగా నచ్చిన అంశం గడియారం. సర్వర్ సాఫ్ట్‌వేర్ అవసరాల్లో సమయానికి చోటు ఇవ్వడం చాలామందికి వింతగా తోచవచ్చు గానీ, హెచ్‌టీటీపీలో అనేక విషయాలు సమయం మీదే ఆధారపడతాయి. పేజీ చివరిసారి ఎప్పుడు మారింది, బ్రౌజర్ దాచుకున్న ప్రతి ఇంకా పనికొస్తుందా అనేవి తేదీలను పోల్చి తేల్చుకునేవే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి 90 రోజుల గడువుతో తీసుకునే సర్టిఫికెట్లను వాడుతున్నప్పుడు, సర్వర్ గడియారం వెనకబడితే ఇప్పుడే జారీ అయిన సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రానట్టు దానికి కనిపిస్తుంది. ఎన్‌టీపీతో, అంటే నెట్‌వర్క్ ద్వారా, సమయాన్ని సరిచేసుకునే సేవ నడుస్తోందో లేదో ఇన్‌స్టాల్ చేసిన రోజే చూసుకోవాలి. పనిలో పనిగా సర్వర్ యూటీసీలో ఉందా, భారత కాలమానంలో ఉందా అన్నదీ తెలుసుకుంటే, లాగ్‌లో కనిపించే వేళకూ గోడ గడియారానికీ మధ్య ఐదున్నర గంటల తేడా వచ్చినప్పుడు తికమక ఉండదు.

జాబితాలో లేకపోయినా తప్పనిసరి అయినవి కొన్ని ఉన్నాయి. వెబ్ అభ్యర్థనలు వచ్చే 80, 443 పోర్టుల మీద వినాలంటే, అవి 1024 కంటే చిన్నవి కాబట్టి, లినక్స్‌లో మామూలుగా రూట్ (సర్వాధికారాలున్న వినియోగదారు) అధికారం కావాలి. అపాచీ రూట్‌గా మొదలై, పోర్టులు తెరిచి, అసలు పని చేసే ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాము ప్రతులను) తక్కువ అధికారాలున్న వేరే వినియోగదారు పేరుతో నడుపుతుంది. డెబియన్‌లో ఆ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. వెబ్‌సైట్ ఫైళ్లను ఆ వినియోగదారు చదవగలగాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు ఇతరులకు కనిపించకుండా మూసి ఉంటున్నాయి కనుక, పాత పాఠాలు చూసి హోమ్‌లో సైట్ పెట్టుకున్నవారికి 403 (అనుమతి లేదు) లోపం ఎదురవుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ అడ్డుపడవచ్చు: హోమ్ డైరెక్టరీ నుంచి ఫైళ్లను కాపీ చేయకుండా తరలిస్తే అవి తమ పాత లేబుల్‌తోనే వస్తాయి, అపాచీకి వాటిని చదివే హక్కు దక్కదు. రీస్టోర్‌కాన్ ఆదేశంతో లేబుల్ సరిచేస్తే సరిపోయేదానికి ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. దయచేసి ఆ సలహా పాటించకండి. పోర్టుల విషయంలో ఫైర్‌వాల్ రెండు చోట్ల ఉండవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌ను తెరిచినా, సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ నియంత్రణ పేజీలో మరొకటి మూసి ఉండవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. అపాచీకి ర్యామ్ ఎంత కావాలి?

పత్రాల రచయితలు ఈ ప్రశ్నను పట్టించుకోలేదని అనలేను. వెబ్ సర్వర్ పనితీరును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించే హార్డ్‌వేర్ ర్యామేనని, వెబ్ సర్వర్ ఎన్నడూ స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్‌ను మెమరీగా వాడే స్థితిలోకి) దిగకూడదని వారే గట్టిగా చెప్పారు. ఒక్కో ప్రాసెస్ పరిమాణం చూసి, అందుబాటులో ఉన్న మెమరీని దానితో భాగించి, ఇతర ప్రోగ్రాములకు కొంత వదిలి, గరిష్ఠ ప్రాసెస్‌ల సంఖ్యను నిర్ణయించుకోమని పద్ధతి కూడా చూపారు. అయితే ఆ మాటలున్నది పనితీరు మెరుగుదల గురించిన వేరే పేజీలో. 50 ఎంబీ డిస్క్ అని చదివి సంతోషించి అతి చిన్న సర్వర్ అద్దెకు తీసుకునే వ్యక్తి ఆ పేజీ దాకా వెళ్లేది సైట్ కూలిపోయిన తర్వాతే. ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదొక్కటే.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. 1 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో డెబియన్, అపాచీ, పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ భాష, మరియాడీబీ డేటాబేస్, వాటి మీద వర్డ్‌ప్రెస్ అనే సైట్ నిర్వహణ ప్రోగ్రాము పెట్టామనుకుందాం. పీహెచ్‌పీని అపాచీ మాడ్యూల్‌గా ఇన్‌స్టాల్ చేస్తే, దాని కోసం అపాచీ ప్రీఫోర్క్ అనే పద్ధతిలోకి మారుతుంది, అంటే ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ కేటాయిస్తుంది. ఆ ప్రాసెస్‌లన్నీ పీహెచ్‌పీని తమలో మోస్తూ ఉంటాయి, చివరికి ఒక బొమ్మ ఫైలును పంపే ప్రాసెస్ కూడా. వర్డ్‌ప్రెస్ నడిపిన ప్రాసెస్ ఒక్కొక్కటి 40 ఎంబీ సొంతంగా తీసుకుంటుందని అనుకుంటే, డెబియన్ ఇచ్చే సెట్టింగ్‌లో గరిష్ఠ సంఖ్య 150 కనుక, రద్దీ పూర్తిగా వచ్చిన వేళ అపాచీ అడిగేది 6,000 ఎంబీ. మన దగ్గర ఉన్నది 1,024 ఎంబీ. అందులోనూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, మరియాడీబీకి కలిపి 450 నుంచి 500 ఎంబీ పక్కన పెట్టాలి. మరియాడీబీ బఫర్ పూల్ ఒక్కటే ఏ సెట్టింగూ మార్చకపోతే 128 ఎంబీ. మిగిలిన దానిలో ఇమిడేవి 13 లేదా 14 ప్రాసెస్‌లు మాత్రమే.

150కీ 13కీ ఉన్న ఈ దూరంలోనే చిన్న సర్వర్లు పడిపోతున్నాయి. రోజువారీ రద్దీలో ఏ తేడా తెలియదు. ప్రవేశాల ప్రకటనో, పరీక్ష ఫలితమో పెట్టిన రోజున వందమంది ఒకేసారి వస్తే ప్రాసెస్‌లు పెరుగుతాయి, మెమరీ నిండుతుంది, సిస్టమ్ స్వాప్‌లోకి దిగుతుంది, ప్రతి పేజీ ఆలస్యమవుతుంది, ఆలస్యమైన కొద్దీ జనం మళ్లీ మళ్లీ రీఫ్రెష్ నొక్కుతారు. చివరికి లినక్స్ కెర్నల్ మెమరీ ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రామును వెతికి చంపుతుంది, అది తరచుగా డేటాబేసే అవుతుంది. అప్పుడు తెర మీద కనిపించేది డేటాబేస్‌తో సంబంధం కుదరలేదన్న సందేశం. మూలం అపాచీ సెట్టింగ్‌లో ఉంటే, నిర్వాహకులు డేటాబేస్‌ను అనుమానిస్తూ గంటలు గడుపుతారు.

గరిష్ఠ ప్రాసెస్‌ల సంఖ్యను (మాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్) తగ్గించాక ఆ పరిమితి నిండితే అపాచీ లాగ్‌లో ఒక సందేశం వస్తుంది: గరిష్ఠ సంఖ్యను చేరుకున్నాం, దాన్ని పెంచే విషయం ఆలోచించండి అని. మెమరీ పుష్కలంగా ఉన్న చోట అది మంచి సలహాయే. చిన్న సర్వర్ మీద మాత్రం దాన్ని పాటించడమంటే చేజేతులా సైట్‌ను కూల్చుకోవడమే. పరిమితి దాటి వచ్చిన కనెక్షన్లు వెంటనే తిరస్కరణకు గురికావు. 511 అనే డిఫాల్ట్ పొడవుతో ఒక వరుసలో అవి వేచి ఉంటాయి. రెండు క్షణాలు ఆలస్యంగా వచ్చే పేజీ, అసలే రాని పేజీ కంటే వెయ్యి రెట్లు మేలు కదా.

ప్రాసెస్ పరిమాణాన్ని కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పీఎస్, టాప్ ఆదేశాలు చూపే ఆర్ఎస్ఎస్ అంకెలో ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమరీ కూడా ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పడుతుంది. ఆ అంకెలను కూడితే ఉన్న దానికంటే ఎక్కువ వస్తుంది. పంచుకున్న భాగాన్ని విభజించి చూపే పీఎస్ఎస్ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని ఎస్‌మెమ్ అనే చిన్న ప్రోగ్రాము చూపిస్తుంది. అలాగే ఫ్రీ ఆదేశం ఇచ్చినప్పుడు ఫ్రీ అనే నిలువు వరుసను కాక, అవైలబుల్ అనే వరుసను చూడాలి, ఎందుకంటే లినక్స్ ఖాళీ మెమరీని ఫైళ్ల కాష్‌కు వాడుకుని, అవసరమైనప్పుడు తిరిగి ఇస్తుంది.

దీనికి అపాచీ 2.4లోనే సరైన పరిష్కారం ఉంది, ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను ఇప్పటికీ సిఫారసు చేయడానికి కారణం కూడా అదే. 2.2లో ప్రయోగదశలో ఉన్న ఈవెంట్ పద్ధతి 2.4లో పూర్తి స్థాయిలో అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఒక్కో ప్రాసెస్‌లో డిఫాల్టుగా 25 థ్రెడ్‌లు (ఒకే మెమరీని పంచుకుంటూ సమాంతరంగా సాగే పనులు) ఉంటాయి. పేజీ అందుకున్నాక కూడా తెరిచి ఉంచే కనెక్షన్‌ను, ప్రీఫోర్క్‌లో లాగా ఒక ప్రాసెస్ ఐదు సెకన్లు కాపలా కాయకుండా, వినే థ్రెడ్‌కే అప్పగించి మిగతా థ్రెడ్‌లు వేరే పనికి వెళతాయి. మొబైల్‌లో నెమ్మదైన నెట్‌వర్క్ మీద చదివేవారు ఎక్కువగా ఉన్న సైట్లకు ఇది పెద్ద మేలు. పీహెచ్‌పీని పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే వేరే సేవగా నడిపి, పీహెచ్‌పీ పేజీలను మాత్రమే దానికి పంపుతాం. డెబియన్‌లో దాని గరిష్ఠ ప్రాసెస్‌ల సంఖ్య మొదట 5గా ఉంటుంది. 1 జీబీ సర్వర్ మీద దాన్ని 8 లేదా 10 దాకా కొలిచి పెంచుకోవచ్చు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, ఫాంట్లను తేలికైన థ్రెడ్‌లే పంపుతాయి. మెమరీకి పైకప్పు ఎక్కడుందో ఖచ్చితంగా తెలిసిపోతుంది. హెచ్‌టీటీపీ తర్వాతి రూపమైన హెచ్‌టీటీపీ/2 కావాలన్నా ఈ దారే శరణ్యం, ఎందుకంటే 2.4.27 నుంచి ఆ మాడ్యూల్ ప్రీఫోర్క్‌తో పనిచేయదు. దానికి ఎన్‌జీహెచ్‌టీటీపీ2 అనే మరో లైబ్రరీ కూడా ఉండాలి. ప్యాకేజీలు వాడేవారికి అది దానంతట అదే వస్తుంది.

తెలుగు సైట్లు నడిపేవారు అవసరాల లెక్కలో మరొకటి కలుపుకోవాలి. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ సరిపోతే, తెలుగు యూనికోడ్ సంకేతానికి మూడు బైట్లు పడతాయి. లక్ష్మి అనే చిన్న పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు ఉంటాయి, అంటే 21 బైట్లు. వ్యాసాలు, కథలు పెట్టే పత్రిక సైట్‌కు ఈ తేడా పేజీ పేజీకీ పేరుకుపోతుంది. అదృష్టవశాత్తు ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు అక్షరాలన్నిటికీ ఒకటే కావడం వల్ల, రెండోది కూడా రెండు విలువల్లోనే తిరగడం వల్ల, తెలుగు పాఠం కుదింపుకు బాగా లొంగుతుంది. జీలిబ్ లైబ్రరీ మీద నడిచే డిఫ్లేట్ మాడ్యూల్‌ను గానీ, 2.4.26 నుంచి వచ్చిన బ్రాట్లీ మాడ్యూల్‌ను గానీ తప్పక వాడాలి. దానికి ప్రాసెసర్ కొంత ఖర్చవుతుంది, కానీ చిన్న సర్వర్‌లో ముందు అయిపోయేది మెమరీయే గానీ ప్రాసెసర్ కాదు.

డిస్క్ గురించి చెప్పిన 10 ఎంబీ అన్న మాట నిజమే, కాని అది మొదటి రోజు మాట. సందర్శకుల లాగ్ ప్రతి 10,000 అభ్యర్థనలకు 1 ఎంబీ లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతుందని అపాచీ పత్రాలే మరోచోట చెబుతున్నాయి. ఒక పేజీ తెరిస్తే బొమ్మలు, ఫాంట్లు, స్క్రిప్టులు కలిపి 40 అభ్యర్థనలు వస్తాయనుకుంటే, రోజుకు 5,000 పేజీలు చూసే సైట్‌కు రోజూ 20 ఎంబీ, నెలకు 600 ఎంబీ. ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసినవారికి లాగ్‌రొటేట్ పాత లాగ్‌లను కుదించి తొలగిస్తుంది. స్వయంగా కంపైల్ చేసుకున్నవారు ఆ ఏర్పాటు చేసుకోకపోతే డిస్క్ నిండి సర్వర్ ఆగుతుంది.

విండోస్ మీద నడపాలనుకునేవారికి రెండు ముక్కలు చాలు. అపాచీ ఫౌండేషన్ విండోస్ కోసం సిద్ధమైన ప్రోగ్రామును తాను ఇవ్వదు. అపాచీ లౌంజ్, ఎక్స్‌ఏఎంపీపీ వంటి చోట్ల నుంచి తెచ్చుకోవాలి, దానికి సరిపడే విజువల్ సీ++ రన్‌టైమ్ కూడా ఉండాలి. 80వ పోర్టును అప్పటికే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ ఆక్రమించి ఉంటే అపాచీ మొదలుకాదు. నేర్చుకోవడానికి, ఇంట్లో పరీక్షించుకోవడానికి ఇది హాయిగా పనిచేస్తుంది. ప్రజలు చూసే సైట్‌కు లినక్సే తీసుకోండి.

ఇగోర్ సిసోయెవ్ రాసి 2004లో బయటపెట్టిన ఎంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్‌తో పోల్చకుండా ఈ సమీక్ష పూర్తికాదు. పని లేకుండా తెరిచి ఉన్న 10,000 కనెక్షన్లకు దాదాపు 2.5 ఎంబీ మెమరీ చాలని ఆ ప్రాజెక్టు చెబుతుంది, ఆ విషయంలో అపాచీ దాని దరిదాపుల్లోకి రాదు. ఫైళ్లను పంపడమే ప్రధానమైన పని అయితే ఎంజిన్‌ఎక్స్ తీసుకోవడం సబబు. అయితే దానిలో డైరెక్టరీ స్థాయిలో నియమాలు రాసుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైలుకు చోటు లేదు. వర్డ్‌ప్రెస్ అందమైన లింకుల నుంచి పాత పీహెచ్‌పీ ప్రోగ్రాముల భద్రతా నియమాల దాకా ఎన్నో ఆ ఫైలును నమ్ముకుని ఉన్నాయి. ఆ నియమాలను ఎంజిన్‌ఎక్స్ భాషలోకి తిరగరాయగలవారు అందుబాటులో లేని సంస్థకు అపాచీయే క్షేమం. హెచ్‌టీయాక్సెస్‌ను అనుమతిస్తే అపాచీ ప్రతి అభ్యర్థనకూ దారిలోని ప్రతి డైరెక్టరీలో ఆ ఫైలు ఉందేమో వెతుకుతుంది కాబట్టి, అవసరమైన డైరెక్టరీకి మాత్రమే అనుమతి ఇవ్వాలి.

కొనేవారికి నా అంచనా ఇది. పీహెచ్‌పీ, డేటాబేస్ లేకుండా కేవలం ఫైళ్లు పంపే సైట్‌కు 512 ఎంబీ ర్యామ్‌తో అపాచీ ఈవెంట్ పద్ధతిలో నిశ్చింతగా నడుస్తుంది. వర్డ్‌ప్రెస్, డేటాబేస్ ఒకే సర్వర్‌లో ఉంటే 1 జీబీతో నడపవచ్చు, పైన చెప్పిన పరిమితులు పెట్టుకుంటేనే. 2 జీబీ ఉంటే ఊపిరి ఆడుతుంది, ఫలితాల రోజు వంటి రద్దీకి పేజీ కాష్ ప్లగిన్‌ను కూడా జతచేస్తే పీహెచ్‌పీ దాకా వెళ్లే అభ్యర్థనలే తగ్గిపోతాయి. ప్రాసెసర్ ఒక్క కోర్ చాలు. డబ్బు మిగిలితే రెండో కోర్ కంటే ముందు ర్యామ్ మీద పెట్టండి.